చిన్న సిలిండరు ఎంత చిన్నదైతే పనికొస్తుంది?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నేనూ మా ఆవిడా ఏటా ఒకసారి అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ చేస్తాం. ఇద్దరికీ అడ్వాన్స్‌డ్ కోర్సు అయింది. నావి 46 డైవ్‌లు, తనవి 30. మొన్న హావ్‌లాక్‌లో 28 మీటర్ల దగ్గర ఫొటోలు తీసుకుంటూ గేజ్ వైపు చూసేసరికి సిలిండరులో 40 బారే ఉంది (నిండా ఉంటే 200). మా ఆవిడ పది మీటర్ల అవతల ఉంది. ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డాలస్‌లో ఉన్న తమ్ముడు వచ్చే నెల వస్తూ స్పేర్ ఎయిర్ (చేతిలో పట్టేంత చిన్న అత్యవసర గాలి సీసా) తెస్తానంటున్నాడు. మా ఇన్‌స్ట్రక్టరేమో ‘ఆక్టోపస్ (ఊపిరి తీసుకునే అదనపు రెగ్యులేటరు) ఉందిగా, ఇంకా ఎందుకు’ అంటారు. తెలిసినవాళ్లలో ఒకరు ‘పోనీ బాటిల్’ (అత్యవసరానికి వెంట ఉంచుకునే చిన్న సిలిండరు) 13 సైజుది చాలంటే, ఇంకొకరు 40కి తక్కువ వద్దంటారు. ఏది కొనాలి? ఇద్దరికీ ఒకటి సరిపోతుందా?

జవాబు: ముందు తమ్ముడికి ఫోన్ చేసి స్పేర్ ఎయిర్ కొనొద్దని చెప్పండి. మీరు దిగుతున్న లోతుకు అది చాలదు. ఎందుకు చాలదో లెక్క వేసి చూపిస్తాం. ఆ లెక్క చేతికొస్తే 13 కావాలా 40 కావాలా అన్నది మీరే తేల్చుకోగలరు.

మీ ఇన్‌స్ట్రక్టర్ అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆక్టోపస్ ఉంది, కానీ అది మీ కోసం కాదు. మీ నోట్లో ఉన్న రెగ్యులేటరూ, పక్కన వేలాడే పసుపు రంగు ఆక్టోపస్సూ ఒకే ఫస్ట్ స్టేజ్ (సిలిండరు వాల్వుకి బిగించే భాగం) నుంచి, ఒకే సిలిండరు నుంచి గాలి తీసుకుంటాయి. సిలిండరు ఖాళీ అయితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. సెకండ్ స్టేజ్ (నోటి దగ్గరుండే భాగం) మౌత్‌పీస్ చిరిగినా, దాంట్లో ఇసుక చేరినా మీ ఆక్టోపస్ మీకు అక్కరకొస్తుంది. గాలి అయిపోతే మాత్రం మీకు పనికొచ్చే ఆక్టోపస్ మీ ఆవిడ ఒంటి మీద ఉంటుంది. ఆవిడ పది మీటర్ల అవతల ఉంటే ఆ పది మీటర్లూ ఊపిరి లేకుండా ఈదాలి. ఊపిరి వదిలేసిన క్షణంలో గాలి ఆగిందనుకోండి, 28 మీటర్ల దగ్గర ఆ పది మీటర్లు చాలా దూరం.

ఇక లెక్క. ప్రశాంతంగా డైవ్ చేసే మనిషి, నీటిపైన ఒత్తిడి లెక్కలో, నిమిషానికి 15 నుంచి 20 లీటర్ల గాలి పీలుస్తాడు. గుండె దడదడలాడుతుంటే ఇది 40కి చేరుతుందనుకుని లెక్క వేసుకోవడం మంచిది. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర మొత్తం 4 బార్లు. అంటే అక్కడ ఒక్క నిమిషానికి 40 ఇంటూ 4, 160 లీటర్లు. 

30 మీటర్ల దగ్గర గాలి ఆగింది. ఏం జరిగిందో అర్థం కావడానికి, రెగ్యులేటరు మార్చుకోవడానికి, పైకి చూసుకోవడానికి ఒక నిమిషం: 160 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా పైకి రావడానికి దాదాపు 3 నిమిషాలు. ఆ దారిలో సగటు ఒత్తిడి 2.75 బార్, అంటే 330 లీటర్లు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌కి (ముందుజాగ్రత్తగా ఆగడానికి) 180. చివరి అయిదు మీటర్లూ నిదానంగా వస్తే ఇంకో 50. మొత్తం 720 లీటర్లు. సేఫ్టీ స్టాప్ వదిలేసినా 540. గాలి లేనప్పుడు స్టాప్ వదిలేయవచ్చు, అది తప్పనిసరిగా ఆగాల్సిన డీకంప్రెషన్ స్టాప్ కాదు. కానీ దాన్ని మొదటే లెక్కలోంచి తీసేసి సిలిండరు కొనుక్కోవడం అంత తెలివైన పని కాదు.

ఇప్పుడు స్పేర్ ఎయిర్ సంగతి చూడండి. పెద్ద మోడల్లో 3 ఘనపుటడుగుల గాలి పడుతుంది, అంటే 85 లీటర్లు. చిన్నది 1.7, అంటే 48 లీటర్లు. పెద్దదాన్ని తీసుకున్నా 30 మీటర్ల దగ్గర అర నిమిషంలో ఖాళీ. ‘యాభైకి పైగా శ్వాసలు వస్తాయి’ అని కంపెనీ చెప్పేది ఒడ్డు మీద లెక్క. లోతులో ఆ సంఖ్యను నాలుగుతో భాగించాలి. భయంతో తీసే శ్వాస పెద్దది, కాబట్టి ఇంకా తగ్గించుకోవాలి. 12 మీటర్ల నుంచి నిమిషానికి 9 మీటర్ల వేగంతో నేరుగా పైకి వస్తే సరిగ్గా 85 లీటర్లు కావాలి, ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా మిగలదు. నీళ్లలో పడ్డ హెలికాప్టరు లోంచి బయటపడే సిబ్బందికి ఇలాంటి సీసాలు బాగా పనికొస్తాయి, వాళ్లుండేది పైపైన. పది మీటర్ల లోపు రీఫ్ మీద తిరిగేవాళ్లకూ ఫరవాలేదు. 28 మీటర్ల దగ్గర కెమెరా పట్టుకుని ఉండే మీకు అది ధైర్యం మాత్రమే ఇస్తుంది, గాలి ఇవ్వదు. పైగా ఆ ధైర్యంతో మీరు గేజ్ చూడడం ఇంకాస్త తగ్గిస్తారు.

పోనీ బాటిళ్లకు వద్దాం. 13, 19, 30, 40 అని చెప్పేవి ఘనపుటడుగులు, నిండా నింపినప్పుడు. లీటర్లలో దాదాపు 370, 540, 850, 1130. సిలిండరు అడుగున ఉన్న గాలి పూర్తిగా రాదు, నింపింది చల్లారితే ఒత్తిడి కొంచెం దిగుతుంది. పదోవంతు కొట్టేసుకుంటే చేతికొచ్చేవి 330, 485, 765, 1020.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే 13 ఏం చేయగలదో తెలుస్తుంది. 18 మీటర్ల నుంచి ఒక నిమిషం ఆలోచనతో సహా, స్టాప్ లేకుండా పైకి రావడానికి 290 లీటర్లు కావాలి. 13 సరిపోతుంది, అంతకు మించి కాదు. 19 అయితే 18 మీటర్ల నుంచి సేఫ్టీ స్టాప్‌తో సహా తెస్తుంది, 25 నుంచి స్టాప్ లేకుండా తెస్తుంది. 30 మీటర్ల నుంచి స్టాప్ లేకుండా రావాలన్నా 540 కావాలి కదా, 19లో 485 ఉన్నాయి. తగాదా అక్కడే. చాలామంది 19 కొనుక్కుని 30 మీటర్లకు దిగుతారు, నిమిషానికి 25 లీటర్లే పీలుస్తామనే నమ్మకంతో. మామూలు రోజున అది నిజమే. పోనీ తీయాల్సి వచ్చే రోజు మామూలు రోజు కాదు.

మీకు మా సలహా 30. హావ్‌లాక్ దగ్గరి డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు 28, 30 మీటర్లు తాకుతారు, ఆ లోతుకు స్టాప్‌తో సహా సరిపోయే అతి చిన్న సైజు అదే. 40 తప్పేం కాదు, కానీ అది టెక్నికల్ డైవర్లు (మామూలు హద్దులు దాటి లోతుకు వెళ్లేవాళ్లు) అదనపు ‘స్టేజ్’ సిలిండరుగా వాడే సైజు. పడవ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మీకే బరువు. మీరు ఇకమీదట 18 దాటమని గట్టిగా అనుకుంటే 19తో సరి.

అయితే కొనేముందు ఒక పైసా ఖర్చు లేని పని ఉంది. పోనీ కంటే ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. 28 మీటర్ల దగ్గర మీ గేజ్ 40 బార్ చూపించింది. అండమాన్‌లో అద్దెకిచ్చే మామూలు అల్యూమినియం సిలిండరు 11.1 లీటర్లది, కాబట్టి 40 బార్ అంటే 444 లీటర్లు. మీ ఒక్కరికే 720 కావాలి, 65 బార్. అదే సమయానికి మీ ఆవిడ సిలిండరు ఆగిపోయి మీ ఆక్టోపస్ అందుకుని ఉంటే? ఇద్దరూ చెరో 30 లీటర్ల చొప్పున పీల్చారనుకున్నా, ఒక నిమిషం అడుగున, 3 నిమిషాలు పైకి, స్టాప్, చివరి నిమిషం కలిపి 1080 లీటర్లు. 11.1తో భాగిస్తే 97 బార్. ‘50 బార్‌తో పడవెక్కాలి’ అనే మాట పడవ దగ్గర చూసుకోవాల్సిన అంకె, 30 మీటర్ల దగ్గర చూసుకోవాల్సింది కాదు. 30 మీటర్ల డైవ్‌లో ఇద్దరిలో ఎవరి గేజ్ 100కి వచ్చినా ఇద్దరూ పైకి మొదలవ్వాలి. ఫొటో మిగిలిపోతే మిగిలిపోనివ్వండి. ఆ రోజు మీరు ఈ లెక్క పాటించి ఉంటే ఈ ఉత్తరం రాసేవారే కాదు.

పోనీ గాలిని ఈ 100లో కలపకూడదు. ‘పోనీ ఉందిగా, ఇంకో అయిదు నిమిషాలు ఉందాం’ అనుకున్న రోజున అది ఎమర్జెన్సీ సిలిండరు కాకుండా పోతుంది.

ఎక్కడ తగిలించుకోవాలి? కొందరు పెద్ద సిలిండరుకే బెల్టుతో కట్టేస్తారు. నీళ్లలో అడ్డురాదు, చూడ్డానికి బాగుంటుంది. మేం మాత్రం ఎడమ పక్కన, చంక కింద నుంచి తుంటి దాకా వేలాడదీయడమే మంచిదంటాం. సిలిండరు మెడ దగ్గర ఒక క్లిప్, కింద ఒక క్లిప్, మధ్యలో హోస్ క్లాంప్‌తో బిగించిన తాడు. అలా ఉంటే వాల్వు మీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, గేజ్ తలెత్తకుండా చదవొచ్చు, పడవెక్కేముందు విప్పి పైకి అందించవచ్చు. వీపు మీద ఉన్నదాని వాల్వు తెరిచి ఉందో లేదో నీళ్లలో మీకు తెలియదు. రెగ్యులేటరు నుంచి సన్నగా బుడగలు పోతున్నా మీ వెనకాలున్న చేపకి తప్ప ఎవరికీ కనపడదు. కెమెరా ట్రే ఎడమ చేత్తో పట్టుకునేవారైతే కుడివైపు పెట్టుకోవచ్చు, గట్టి నియమమేం లేదు. ఒకసారి ఎంచుకున్న వైపు మాత్రం ఇక మారకూడదు.

పోనీకి ఇంట్లో మూల పడి ఉన్న పాత రెగ్యులేటరు పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఇది ఎప్పుడూ వాడం కదా అని సర్వీసింగ్‌కి ఇవ్వరు. ఖరీదైనది అక్కర్లేదు, సాదాసీదా ఫస్ట్ స్టేజ్ చాలు. పెద్ద రెగ్యులేటరుని సర్వీసింగ్‌కిచ్చిన రోజే దీన్నీ ఇవ్వండి. దాని మీద ఒకే సెకండ్ స్టేజ్, ఒక మీటరు హోస్, ఒక గేజ్. ఫస్ట్ స్టేజ్‌కి నేరుగా బిగించే గుండీ సైజు గేజ్‌లు దొరుకుతాయి, సర్దుకోవచ్చు గానీ మసక నీళ్లలో ఆ ముల్లు కనపడదు. పదిహేను సెంటీమీటర్ల హోస్‌తో వచ్చే చిన్న గేజ్ మేలు. మౌత్‌పీస్ మాత్రం వేరే రంగుది, ఆకారంలోనూ తేడా ఉన్నది పెట్టండి. దానికి బలమైన కారణముంది.

పోనీతో జరిగే ప్రమాదాల్లో విచిత్రమైనది ఒకటుంది. పడవ మీద హడావుడిలో డైవరు పోనీ రెగ్యులేటరు నోట్లో పెట్టుకుని నీళ్లలో దూకేస్తాడు. అది సాఫీగా గాలి ఇస్తుంది. వీపు మీది సిలిండరు గేజ్ చూస్తే 200, కదలదు. ‘ఇవాళ గాలి భలే పొదుపుగా వాడుతున్నాను’ అనుకుంటాడు. ఆరేడు నిమిషాలకు, సరిగ్గా బాగా లోతులో, శ్వాస బిగుసుకుని ఆగిపోతుంది. గాలి నిండా ఉన్న సిలిండరు వీపు మీద మోస్తూ గాలి అయిపోయిందని పైకి పరుగెడతాడు. ఇది రాకుండా రెండు పనులు. పడవ మీద నోట్లో పెట్టుకునేది పెద్ద సిలిండరు రెగ్యులేటరేనని రంగు చూసి నిర్ధారించుకుని, దాంతో నాలుగు శ్వాసలు తీస్తూ పెద్ద గేజ్ చూడండి. వాల్వు సరిగా తెరవకపోతే ప్రతి శ్వాసకీ ముల్లు కిందికి ఊగి మళ్లీ లేస్తుంది, పూర్తిగా తెరిచి ఉంటే కదలదు. తర్వాత అయిదు మీటర్ల దగ్గర ఒకసారి రెండు గేజ్‌లూ చూసుకోండి. పోనీ గేజ్ పడవ మీద చూపించిన అంకె దగ్గరే ఉండాలి. పోనీ రెగ్యులేటరుని మెడచుట్టూ రబ్బరు తాడుతో గడ్డం కింద ఉంచుకుంటే అది పొరపాటున నోట్లోకి రాదు, కావలసినప్పుడు తల వంచితే అందుతుంది.

వాల్వు తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అని అడుగుతారు. టెక్నికల్ డైవర్లు మూసి ఉంచుతారు, వాళ్లకు దాన్ని తెరవడం ఒక అలవాటు. మీకు మా సలహా పూర్తిగా తెరిచి ఉంచమనే. గాలి లేని క్షణంలో వాల్వు తిప్పే పని ఇంకొకటి పెట్టుకోవద్దు. తెరిచి ఉంచితే ఫ్రీఫ్లో అయి (గాలి దానంతటదే బయటికి పోయి) తెలియకుండా ఖాళీ అయ్యే భయం ఉంది. సెకండ్ స్టేజ్ మీద చిన్న లివర్ ఉంటే దాన్ని మైనస్ వైపు పెట్టండి, దూకేటప్పుడు మౌత్‌పీస్ కిందికి తిరిగి ఉండేలా చూసుకోండి. పక్కన వేలాడుతోంది కాబట్టి బుడగలొస్తే చూస్తారు.

దాంట్లో ఏం నింపాలి? మామూలు గాలి. మీ పెద్ద సిలిండరులో నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) ఉన్నా సరే పోనీలో మామూలు గాలే ఉండనివ్వండి, అప్పుడు పోనీకి ఎంత లోతు హద్దు అన్న లెక్క ఇంకొకటి ఉండదు.

మార్చుకోవడం సాధన చేయకపోతే ఇదంతా దండగ. హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్ దొరికితే అక్కడే మొదలుపెట్టండి, లేదా అండమాన్‌లో మొదటి డైవ్ చివర అయిదు మీటర్ల స్టాప్ దగ్గర, ముందే గైడుకు చెప్పి. కళ్లు మూసుకుని చేయి పోనీ రెగ్యులేటరు మీదికి వెళ్లాలి. నోట్లోది తీసి, సన్నగా బుడగలు వదులుతూ పోనీది పెట్టుకుని, ఒకసారి గట్టిగా ఊది నీళ్లు తోసేసి, మొదటి శ్వాస నెమ్మదిగా పీల్చాలి. లోపల ఇంకా చుక్క నీళ్లుంటే పొరబోయేది అక్కడే. తర్వాత పోనీ గేజ్ చూసి, బడ్డీకి (జతగా డైవ్ చేసేవారికి) గాలి లేదన్న సంజ్ఞ చేసి, పైకి చూస్తూ బయల్దేరాలి. పది సెకన్లలో అయిపోవాలి. చేతిలో కెమెరా ఉన్నప్పుడు కూడా ఒకసారి చేసి చూడండి. కెమెరాకి లాన్‌యార్డ్ (తగిలించుకునే తాడు) లేకపోతే ఆ ఒక్క చెయ్యితో మీరేం చేస్తారో అప్పుడు తెలుస్తుంది.

పైకి చేరాక ఒకటి మర్చిపోతారు. పెద్ద సిలిండరు ఖాళీ అయితే బీసీడీ (గాలి నింపితే తేల్చే జాకెట్) బటన్ నొక్కినా గాలి రాదు, పోనీకి ఇన్‌ఫ్లేటర్ హోస్ కలపలేదు కదా. నీటి పైన బీసీడీని నోటితో ఊదుకోవాలి, చాలకపోతే బరువులు వదిలేయాలి. పైకి వచ్చేటప్పుడు మాత్రం లోపలున్న గాలి వ్యాకోచిస్తుంది, దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తూ రాకపోతే 9 మీటర్ల వేగం 30 అవుతుంది. నోటితో ఊదే సాధన కూడా పూల్లోనే పెట్టుకోండి.

ఇక కొనే సంగతి. సిలిండరు మీరు కొనకపోయినా నడుస్తుంది, రెగ్యులేటరు సెట్టూ వేలాడదీసే కిట్టూ కొనుక్కుని వెళ్లండి. టెక్నికల్ కోర్సులు నేర్పే సెంటర్లలో 40 సైజు స్టేజ్ సిలిండర్లు ఉంటాయి, ముందే మెయిల్ చేసి అద్దెకడగండి. వాల్వు యోకా డిన్నా (రెగ్యులేటరు బిగించే రెండు రకాలు) అని కూడా అడగండి, మీ రెగ్యులేటరుకి అది కలవకపోతే అడాప్టర్ తీసుకెళ్లాలి. కొనాలనే ఉంటే ఇక్కడే కొనండి. గ్యాస్ సిలిండర్ల దిగుమతికి నాగపూర్‌లోని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి ఉండాలి. అమెరికా స్టాంపుతో బ్యాగులో వచ్చినదాన్ని ఇక్కడ నింపనని సెంటరు అంటే మీరు చేయగలిగేదేం లేదు. హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) అయిదేళ్లకోసారి, లోపలి తనిఖీ ఏడాదికోసారి అలవాటు చేసుకోండి. విమానంలో నింపిన సిలిండరు ఎక్కించరు. ఖాళీదైనా వాల్వు విప్పి లోపల చూపించమంటారు, కొన్ని విమాన సంస్థలు అప్పుడు కూడా ఒప్పుకోవు, టికెట్ తీసుకునేముందే రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. వాల్వు విప్పితే ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) పాడవ్వొచ్చు, రెండు అదనంగా వెంట ఉండాలి.

ఇద్దరికీ ఒకటి చాలా అన్నారు. మీరిద్దరూ చేయి చాచితే తగిలే దూరంలో డైవ్ చేసేట్లయితే ఒకటి కూడా అక్కర్లేదు, ఆవిడ ఆక్టోపస్సే మీ పోనీ. కానీ కెమెరా ఉన్నంత కాలం అలా జరగదని మీ ఉత్తరమే చెబుతోంది. కాబట్టి ఒకటి, మీకు. మీరు ఫొటో తీస్తుంటే దూరమయ్యేది ఆవిడ కాదు, మీరే. ఆవిడకి గాలి అయిపోతే మీ దగ్గర పోనీ ఉందని ఆవిడకి తెలియాలి, దాన్ని క్లిప్ విప్పి చేతికివ్వడం మీకు తెలియాలి. ఆవిడతో ఆ సాధన కూడా అయిదు మీటర్ల దగ్గరే చేయండి. మొదటిసారి కింది క్లిప్ విప్పడం మర్చిపోతారు, సిలిండరు మీ తుంటికే వేలాడుతూ ఆవిడని మీ వైపు లాగుతుంది.